అమ్మకు తెరిపి: ప్రత్యేక అవసరాలున్న బిడ్డ ఉన్న ఇంట్లో అండ ఎలా కూడగట్టుకోవాలి

మా బాబుకు ఆరేళ్లప్పుడు నాకు టైఫాయిడ్ వచ్చింది. నాలుగు రోజులు మంచం దిగలేకపోయాను. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లున్నా వాడికి అన్నం తినిపించడం నాకు తప్ప ఎవరికీ రాదని అప్పుడు బయటపడింది. మెడ ఎంత ఎత్తులో పట్టుకోవాలో, ముద్ద నోట్లో ఏ పక్కన పెట్టాలో, నీళ్లు ఎంత చిన్న గుక్కగా ఇస్తే పొలమారదో, అంతా నా చేతుల్లోనే ఉండిపోయింది. మా అత్తయ్య కళ్లు తుడుచుకుంటూ స్పూనుతో పాలు పడుతుంటే నేను పక్క గదిలోంచి అరిచి చెబుతూ వచ్చాను. వాడికి సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల ఒంటి కదలికలు అదుపులో ఉండవు. ఇప్పుడు పదహారేళ్లు.

"వాడి పనులన్నీ నేనే చూసుకుంటాను" అని నలుగురిలో గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ గొప్ప వాడికే ప్రమాదమని నాలుగు రోజుల్లో తెలిసొచ్చింది. తర్వాత ఈ పదేళ్లలో నేను చేసినవీ, చేసి చెడగొట్టుకున్నవీ, తోటి తల్లుల దగ్గర నేర్చుకున్నవీ ఇక్కడ వరుసగా రాస్తున్నాను. మీ బిడ్డకు ఆటిజం కావచ్చు, డౌన్ సిండ్రోమ్ కావచ్చు, చూపో వినికిడో తక్కువ కావచ్చు. చేసే పనులు మారతాయి గానీ వరుస పెద్దగా మారదు.

ముందు ఒక నోటుపుస్తకం

మూడు రోజులపాటు బిడ్డ కోసం చేసే ప్రతి పనీ రాయండి. ఏం పని, ఎంతసేపు, ఎవరు చేశారు. పళ్లు తోమించడం, పావుగంట, నేను. డైపర్ మార్చడం, నాలుగుసార్లు, నేను. స్కూలు ఆటో ఎక్కించడం, పది నిమిషాలు, వాళ్ల నాన్న. రాత్రి ఎన్నిసార్లు లేచారో అదీ రాయండి. నేను రాసినప్పుడు ముప్పై ఒక్క పనులు తేలాయి, అందులో ఇరవై ఏడు నావి. ఆ కాగితం చూశాక మా ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అంతకుముందు రెండేళ్లు నేను నోటితో చెప్పి సాధించలేనిది ఆ కాగితం సాధించింది.

ఇప్పుడు పనుల్ని మూడు రకాలుగా విడగొట్టండి. బిడ్డను పట్టుకుని చేయాల్సినవి మొదటి రకం. బిడ్డ పక్కన మనిషి ఉంటే చాలనేవి రెండో రకం. బిడ్డతో సంబంధమే లేనివి మూడో రకం: మందుల షాపు, పెన్షన్ కాగితం జిరాక్స్, గ్యాస్ బుకింగు, రేషన్. సాయం అనగానే బిడ్డను పరాయి చేతుల్లో పెట్టాలేమో అనుకుని మనం భయపడతాం, అందుకే ఏదీ ఎవరికీ ఇవ్వం. మూడో రకంతో మొదలుపెట్టండి. ఆ పనులు పోతేనే రోజుకు ముప్పావుగంట మిగులుతుంది.

అడగడం ఒక విద్య

"ఏం కావాలన్నా చెప్పమ్మా" అని అందరూ అంటారు. "పర్లేదు పిన్నీ" అని మనం అంటాం. ఇద్దరిదీ మర్యాదే, పని మాత్రం జరగదు. రోజు, టైము, పని, ఎప్పటికి అయిపోతుందో నాలుగూ చెప్పి అడగండి. "పిన్నీ, శనివారం నాలుగింటి నుంచి ఐదింటి దాకా బాబు పక్కన కూర్చుని నీ సీరియల్ చూసుకుంటావా? తినిపించక్కర్లేదు, డైపర్ నేను మార్చి వెళ్తాను, ఐదింటికి వచ్చేస్తాను." ఇలా అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఏం చేయాలో తెలియకే చాలామంది దూరంగా ఉంటారు. "మా కష్టం మీకేం తెలుస్తుంది" అని ఒక్కసారి అన్నామా, ఇక వాళ్లు గుమ్మం తొక్కరు.

కొందరు కుదరదంటారు, పట్టించుకోకండి. మా మరిది బాబు నోట్లోంచి చొంగ కారడం చూడలేడు, మొహం తిప్పేసుకుంటాడు. మొదట్లో మనసుకు చాలా గుచ్చుకునేది. కానీ పదేళ్లుగా ఫిట్స్ మందు ఏ నెలా అయిపోకుండా తెచ్చిచ్చేది అతనే. ఎవరికి ఏది చేతనవునో అది ఇవ్వాలి.

ఇక మొహమాటం. ఊరికే చేయించుకుంటున్నామన్న బాధ ఉంటే ఏదో ఒకటి తిరిగి ఇవ్వండి. నేనైతే ఎండాకాలంలో నాలుగు ఇళ్లకు ఆవకాయ కలిపి పెడతాను. పిన్ని మనవరాలికి లెక్కలు చెబుతాను. మనమూ ఒకరికి పనికొస్తున్నామన్న భావం మనకే అవసరం.

రెండో మనిషిని తయారు చేయడం

మిగతావన్నీ వదిలేసినా ఇది మాత్రం చేయండి. బిడ్డ పనులన్నీ తెలిసిన మనిషి మీరు కాకుండా ఇంకొకరు ఉండాలి. భర్త కావచ్చు, అత్తగారు, ఆడపడుచు, పనికొచ్చే అమ్మాయి, ఎవరైనా సరే. మూడు వారాలు పడుతుంది. మొదటి వారం మీరు చేస్తుంటే వాళ్లు చూడాలి. రెండో వారం వాళ్లు చేస్తుంటే మీరు చూడాలి. మూడో వారం మీరు ఇంట్లోంచి బయటికి వెళ్లాలి, మొదట పావుగంట, తర్వాత అరగంట, తర్వాత గుడికో బజారుకో ఒక గంట.

రెండో వారమే కష్టం, ఎందుకంటే నోరు మూసుకుని ఉండాలి. నేను ఉండలేకపోయాను. మా ఆయన స్నానం చేయిస్తుంటే తల అలా పట్టుకోకండి, నీళ్లు వేడెక్కువయ్యాయి, సబ్బు కంట్లో పడుతోంది అంటూ సణిగాను. నాలుగో రోజు ఆయన మగ్గు కింద పెట్టి "నువ్వే చెయ్" అని వెళ్లిపోయారు. మళ్లీ ఆయన్ని ఆ బాత్‌రూములోకి తేవడానికి ఆరు నెలలు పట్టింది. బిడ్డ ప్రాణానికి ముప్పు లేని తప్పయితే జరగనివ్వండి. నాన్న పద్ధతి నాన్నకు ఉంటుంది, బిడ్డ రెండు పద్ధతులకూ అలవాటు పడతాడు.

అలాగే మగవాళ్లను "కొంచెం సాయం చేయండి" అని అడక్కండి. ఒక పని మొదటి నుంచి చివరి దాకా అప్పగించండి. మా ఇంట్లో ఆదివారం స్నానం, గోళ్లు, క్షవరం, ఫిజియో వ్యాయామాలు నాన్నవి. ఆ రోజు వేడినీళ్లు పెట్టడం కూడా నేను గుర్తు చేయను.

రెండో మనిషి కోసం ఒక కాగితం రాసి బీరువా తలుపు లోపలివైపు అంటించండి. దానికి మా ఇంట్లో "బాబు కాగితం" అని పేరు. వాడు కుడివైపు చూస్తూ పెదవులు కదిపితే నీళ్లు కావాలని. మిక్సీ చప్పుడంటే భయం. కూర్చోబెట్టే తినిపించాలి, పడుకోబెట్టి ఏదీ నోట్లో పోయకూడదు. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు. మందుల పేర్లు, ఎన్ని ఎం.ఎల్., ఏ వేళకు, డాక్టరు ఫోన్ నంబరు, ఆటో అతని నంబరు, బ్లడ్ గ్రూపు.

మీ బిడ్డకు ఫిట్స్ ఉంటే ఈ మాటలు పెద్ద అక్షరాలతో రాయండి: టైము చూడు. పక్కకు తిప్పి పడుకోబెట్టు. మెడ దగ్గర బట్ట వదులు చెయ్. తల కింద మెత్తటిది పెట్టు. నోట్లో స్పూను, వేలు, నీళ్లు ఏమీ పెట్టకు. చేతిలో తాళాలు పెడితే ఫిట్స్ ఆగవు. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకుండానే ఇంకొకటి వచ్చినా 108కి ఫోన్ చెయ్. మా వీధిలో తాళాల గుత్తి పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల మీద కోప్పడకండి, ఒక పని చెప్పండి: "అన్నా, టైము చూస్తూ ఉండు."

మాటలు పడటం

"గ్రహణం రోజు బయటికెళ్లావా?" "ఫలానా ఊళ్లో పసరు పోస్తారట, నడిచేస్తాడు." "ఇంకో బిడ్డను కనండి, ఇంటికి దీపం పెట్టేవాడు కావాలిగా." ఇవన్నీ మీరూ వినే ఉంటారు. ప్రతి ఒక్కరికీ వైద్యశాస్త్రం చెబుతూ కూర్చుంటే ఓపిక అయిపోతుంది. రెండే జవాబులు సిద్ధం చేసుకోండి. దూరపువాళ్లకు "డాక్టరుగారు చూస్తున్నారండి" అని మాట మార్చేయండి. దగ్గరివాళ్లకు "ఆ మాట నన్ను బాధపెడుతోంది అత్తయ్యా" అని నేరుగా చెప్పండి, గొంతు పెంచకుండా.

ఇంట్లో పెద్దవాళ్లు తప్పు కోడలిదే అని నమ్ముతుంటే వాళ్లను ఒకసారి డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకెళ్లండి. మేం పదిసార్లు చెప్పినా నమ్మని మా అత్తయ్య, పుట్టగానే మెదడుకు ఆక్సిజన్ అందకపోవడం వల్ల ఇలా అయిందని, గ్రహణానికీ దీనికీ సంబంధం లేదని పిల్లల డాక్టరు రెండు ముక్కల్లో చెప్తే నమ్మారు. ఇప్పుడు చుట్టాలకు సమాధానం చెప్పేది ఆవిడే.

పసరు, చూర్ణం విషయంలో ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను. ఎవరు ఏమన్నా ఫిట్స్ మాత్రలు ఉన్నట్టుండి ఆపకండి. ఆపితే ఇంకా పెద్ద ఫిట్స్ రావచ్చు.

పెళ్లిళ్లు, ఫంక్షన్లు మానేయడం కూడా మెల్లగా మనల్ని ఒంటరిని చేస్తుంది. గంటసేపే వెళ్లండి. ఆటోను బయట ఆపి ఉంచండి, భోజనాలకు మొదటి పంక్తిలోనే కూర్చోండి, బిడ్డకు తిండి ఇంటి నుంచే తీసుకెళ్లండి. బ్యాండ్ మేళం మొదలయ్యేలోపు వచ్చేయండి.

తోటి తల్లిదండ్రులు ఎక్కడ దొరుకుతారు

చుట్టాలు ఎంత మంచివాళ్లయినా చెప్పలేనిది ఇంకో తల్లి చెబుతుంది. ముఖ్యంగా మన బిడ్డకన్నా రెండు మూడేళ్లు పెద్దబిడ్డ ఉన్న తల్లి. అమెరికాలోని ఒమాహాలో 1971లో కొందరు తల్లిదండ్రులు ఈ పద్ధతినే ఒక పథకంగా మొదలుపెట్టారు: బిడ్డకు వైకల్యం ఉందని కొత్తగా తెలిసిన తల్లికి, ఆ దారిలో ముందే నడిచిన ఇంకో తల్లిని జత చేయడం. మనకు అంత ఏర్పాటేమీ అక్కర్లేదు. మనవాళ్లు ఏ వారం ఎక్కడ చేరతారో తెలిస్తే చాలు.

మండల కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ విద్యా పథకం సమగ్ర శిక్ష వాళ్ల భవిత కేంద్రం ఉంటుంది. ఫిజియోథెరపిస్టు వచ్చే రోజు ఏదో కనుక్కుని ఆ రోజు వెళ్లండి. బిడ్డను తీసుకెళ్లలేకపోతే అక్కడ ఈ పిల్లలకు చదువు చెప్పే ఐఈఆర్టీ టీచరును అడిగినా చుట్టుపక్కల ఏ ఊళ్లో ఎవరున్నారో చెబుతారు. వైకల్యం సర్టిఫికెట్ కోసం పెట్టే సదరం క్యాంపులో గంటల తరబడి క్యూలో ఉంటాం కదా, ఆ టైములో ఫోన్ చూడకుండా పక్కనున్నవాళ్లతో మాట కలపండి. జిల్లా ఆసుపత్రిలో పిల్లల వైకల్యాలను తొందరగా గుర్తించే కేంద్రం ఉంటే అక్కడి వరండా మంచి చోటు. సికింద్రాబాద్ బోయినపల్లిలో మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ నీపిడ్ 1984 నుంచి ఉంది, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తుంది. నెల్లూరులో వికలాంగుల కోసం కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం సీఆర్‌సీ ఉంది. మా ఒంగోలు వైపువాళ్లకు అది దగ్గర. తల్లిదండ్రుల సంఘాలన్నీ కలిసి దేశం మొత్తానికి పెట్టుకున్న సమాఖ్య పేరు పరివార్.

మాట ఎలా కలపాలి? "మీ పాపకు ఏమైంది?" అని మాత్రం అడక్కండి. ఆ ప్రశ్న వాళ్లు ఆ రోజుకే పదిసార్లు విని ఉంటారు. "ఈ బూట్లు ఎక్కడ చేయించారండీ?" అనండి చాలు. బస్సు టైమయ్యేదాకా మాటలు ఆగవు.

ఐదు కుటుంబాలు దొరికితే నెలకోసారి కలవండి. ఐదే చాలు, యాభై మంది అయితే అది మీటింగ్ అవుతుంది, మైకు వస్తుంది, శాలువా వస్తుంది. భవిత కేంద్రమో, రామాలయం మండపమో, చర్చి హాలో అడిగితే ఇస్తారు. పిల్లల్నీ తీసుకురావాలి, ప్రతి నెలా ఇద్దరు పెద్దవాళ్లు వంతులవారీగా వాళ్లను ఆడించాలి. మేం పెట్టుకున్న కట్టుబాట్లు ఇవి: పిల్లల్ని పోల్చకూడదు. ఏడిస్తే ఏడవనివ్వాలి, వెంటనే సలహా ఇవ్వకూడదు. మందుల పేర్లు ఒకరికొకరు చెప్పుకోకూడదు. ఏమీ అమ్మకూడదు, నెట్‌వర్క్ మార్కెటింగ్ ప్రొటీన్ పౌడర్లతో సహా. ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి. చివరి కట్టుబాటును ఒకావిడ దాటింది, ఒక ఇంటి గొడవ ఊరంతా పాకింది. మూడు నెలలు ఎవరూ రాలేదు. మళ్లీ మొదలుపెట్టడానికి ఇంటింటికీ తిరగాల్సి వచ్చింది.

వాట్సాప్ గ్రూపు పెట్టుకోండి గానీ దాన్నే సంఘం అనుకోకండి. గుడ్ మార్నింగ్ గులాబీలు, "మూడు నెలల్లో ఆటిజం మాయం" వీడియోలు వస్తాయి. పిల్లల ఫొటోలు పెట్టొద్దని మొదటి రోజే చెప్పండి. పొదుపు చేసుకోవాలనుకుంటే వికలాంగుల స్వయం సహాయక సంఘం ఐదుగురితోనూ కట్టుకోవచ్చు, మామూలు సంఘానికి లాగా పదిమంది అక్కర్లేదు. మీ ఊళ్లో పొదుపు సంఘాల పని చూసే వీఓఏను కలవండి.

కాగితాల పని పంచుకోవడం

మా ఐదుగురం ఒక్కొక్కరం ఒక్కో కాగితానికి బాధ్యులం. అన్నీ అందరూ తెలుసుకోవాలంటే తల బద్దలవుతుంది. సదరం, దేశమంతా చెల్లే వైకల్య గుర్తింపు కార్డు యూడీఐడీ ఒకరి పని: సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు ఎప్పుడు తెరుస్తారో వాళ్లు చూసి గ్రూపులో పెడతారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాలను 7 నుంచి 21 రకాలకు పెంచింది, ఆటిజం, తలసేమియా లాంటివి ఇప్పుడు లెక్కలోకి వస్తాయి. సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన ఉంటే చాలా దారులు తెరుచుకుంటాయి. పెన్షన్ ఇంకొకరిది. ఆంధ్రలో 2024 నుంచి 6,000 రూపాయలు ఇస్తున్నారు, తెలంగాణలో 2023లో 4,016 చేశారు.

నిరామయ బీమా గురించి చాలామందికి తెలియదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ నడుపుతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు ఏడాదికి లక్ష రూపాయల వరకు. వయసు పరిమితి లేదు, ముందస్తు వైద్య పరీక్షలు లేవు, థెరపీ ఖర్చులో కూడా కొంత వస్తుంది. బిల్లులు మాత్రం తేదీల వారీగా దాచుకోవాలి. మొదటి ఏడాది నేను సగం బిల్లులు పచారీ కవర్లో పెట్టి పారేసుకున్నాను.

తోడు లేకుండా ప్రయాణించలేని బుద్ధిమాంద్యం పిల్లలకు రైలులో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ మీద 75 శాతం రాయితీ ఉంది, వెంట వెళ్లే ఒకరికి కూడా. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు 80డీడీ కింద 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 తగ్గింపు. కేంద్ర ప్రభుత్వోద్యోగులైతే, దివ్యాంగ బిడ్డను చూసుకునేవాళ్లను మామూలు బదిలీల నుంచి మినహాయించమని 2014 నాటి ఉత్తర్వు ఉంది, దాని కాపీ జోడించి దరఖాస్తు పెట్టండి.

మీ ఒళ్లు

బిడ్డ పెరిగేకొద్దీ బరువు పెరుగుతాడు, మన నడుము మాత్రం పాతదే. ఎత్తేటప్పుడు నడుము వంచకండి, మోకాళ్లు వంచి, బిడ్డను ఛాతీకి దగ్గరగా ఆనించుకుని లేవండి. మెలితిరుగుతూ ఎత్తకండి. ఫిజియో వచ్చినప్పుడు "నాకు ఎత్తడం నేర్పండి" అని అడగండి, పది నిమిషాల పని. ఇద్దరు ఎత్తాల్సిన బరువు వచ్చాక ఒక్కరే ఎత్తడం పౌరుషం కిందికి రాదు.

నిద్ర వంతులు వేసుకోండి. రాత్రి రెండింటి దాకా ఒకరు, తర్వాత ఒకరు. అదీ కుదరకపోతే వారానికి ఒక్క రాత్రయినా మీరు వేరే గదిలో తలుపేసుకుని పడుకోండి. ఏడాదికోసారి బీపీ, షుగరు, థైరాయిడ్, రక్తం చూపించుకోండి. నేను నీరసాన్ని మనసు బాధ అనుకుని రెండేళ్లు లాగాను, తీరా చూస్తే హిమోగ్లోబిన్ ఏడు.

అదే సమయంలో, మనసు బాధను నీరసం అనుకుని లాగేవాళ్లూ ఉన్నారు. రెండు వారాలకు పైగా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బిడ్డ మీద చేయి లేవడం ఉంటే డాక్టరుకు చెప్పాలి. "మేమిద్దరం కలిసి పోతే బాగుండు" అన్న ఆలోచన చాలామంది తల్లులకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఉంటుంది, ఎవరూ పైకి చెప్పరు. వస్తే ఆ రోజే ఒక మనిషికి చెప్పండి. ఒంటరిగా ఉండకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, డబ్బులు పడవు, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మా బాబు కాగితం కింద ఈ నంబరు కూడా రాసి పెట్టాను.

ఇంకో బిడ్డ ఉంటే వారానికి ఒక గంట ఆ బిడ్డది. మా పాప ఒకసారి "నాకూ ఫిట్స్ వస్తే నువ్వు నా పక్కన పడుకుంటావా?" అని అడిగింది. ఆ వారం నుంచే పిన్ని శనివారం గంట మొదలైంది. ఆ గంటలో మేమిద్దరం పుల్ల ఐస్ తింటూ ట్యాంకు గట్టు మీద నడుస్తాం.

పద్దెనిమిది దాటాక

బిడ్డకు పద్దెనిమిది నిండిన రోజు నుంచి చట్టం దృష్టిలో మనం సంరక్షకులం కాము. నిరామయ కింద చెప్పిన నాలుగు రకాల వైకల్యాలకు నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం జిల్లా కలెక్టరు అధ్యక్షతన స్థానిక కమిటీ ఉంటుంది, సంరక్షకుల్ని అదే నియమిస్తుంది. తల్లిదండ్రులే దరఖాస్తు పెట్టుకోవచ్చు. బ్యాంకు పనుల్లో, ఆస్తి పనుల్లో ఆ సర్టిఫికెట్ అడుగుతారు. మా తర్వాత ఎవరు అన్నది ఆ కమిటీ అడిగేదాకా ఆగక్కర్లేదు, ముందే కూర్చుని మాట్లాడుకోవచ్చు.

మాకు ఇంకా రెండేళ్లుంది. మొన్న సంక్రాంతికి మా అన్నయ్య కూతురిని పక్కకు పిలిచి అడిగాను. వెంటనే సరే అనలేదు, ఆలోచించుకుని చెప్తానంది. అలా అన్నందుకే నాకు నమ్మకం కలిగింది. అప్పటి నుంచి నెలకో ఆదివారం వచ్చి వాడికి అన్నం పెట్టడం నేర్చుకుంటోంది, ఇప్పుడు తనది పైన చెప్పిన "రెండో వారం" దశ, నేను నోరు మూసుకుని చూస్తున్నాను. నోటుపుస్తకం చివరి పేజీలో ప్రస్తుతానికి తన పేరు పెన్సిల్‌తో రాసి పెట్టాను.